పెట్టె మీద చిత్రం, లోపల మిఠాయి: జపాన్ కానుకలు కొనేటప్పుడు ఏది ముందు చూడాలి?

జపాన్‌లో ఏ పెద్ద రైల్వే స్టేషన్‌లోనైనా, విమానాశ్రయంలోనైనా మిఠాయి దుకాణాల ముందు నిలబడితే మొదట కంటబడేది జపాన్ చిత్రకారుడు హొకుసాయి గీసిన పెద్ద అల. 1831 ప్రాంతంలో అచ్చయిన ఆ చిత్రం 2024 జులైలో విడుదలైన 1000 యెన్ల నోటు వెనుక వైపుకు కూడా ఎక్కింది కాబట్టి దాన్ని గుర్తుపట్టనివారు తక్కువ. అయితే ఆ అల బొమ్మ ఉన్న పెట్టెలో బియ్యంతో చేసి కాల్చిన బిళ్ళలు ఉండవచ్చు, గుడ్లు కొట్టి చేసిన కేకు ఉండవచ్చు, రొయ్యలు కలిపిన కరకరలాడే చిరుతిండి ఉండవచ్చు, ఉత్త చాక్లెట్ కూడా ఉండవచ్చు. బొమ్మ ఒకటే అయినా లోపలి సరుకు రుచిలోనూ, నిల్వలోనూ, మనవాళ్ళు తినగలరా లేదా అన్న విషయంలోనూ ఎంతో తేడా ఉంటుంది. జపాన్‌లో ఉద్యోగం చేస్తూ సెలవులకు ఇంటికి వచ్చే తెలుగువారికీ, విహారానికి వెళ్ళి బంధువులకు ఏదైనా తేవాలనుకునేవారికీ ఈ తేడాలు ముందే తెలిసి ఉంటే డబ్బూ, సూట్‌కేసులో చోటూ రెండూ వృథా కావు.

నా సలహా ఇది. ముందు మిఠాయిని ఎంచుకోవాలి, ఆ తర్వాతే చిత్రాన్ని. రెండు మిఠాయిలు సమానంగా నచ్చినప్పుడు, ఏ పెట్టె మీది చిత్రానికి లోపలి పదార్థంతో నిజమైన సంబంధం ఉందో దాన్ని తీసుకోవాలి. అలాంటి సంబంధం ఉన్నవి జపాన్‌లో చాలానే ఉన్నాయి. అవి విమానాశ్రయపు అరల్లో కంటే ఆయా ఊళ్ళలోనే ఎక్కువగా దొరుకుతాయి.

ఎన్నాళ్ళు నిల్వ ఉంటుంది

జపాన్ వారు తమ సంప్రదాయ మిఠాయిలను తేమను బట్టి మూడు తెగలుగా విభజిస్తారు. 30 శాతం, అంతకు మించి తేమ ఉన్నవి నామగాషి. 10 నుంచి 30 శాతం వరకు ఉన్నవి హన్‌నామగాషి. 10 శాతానికి మించనివి హిగాషి. కొనుగోలుదారుకు ఇంతకంటే పనికివచ్చే విభజన మరొకటి లేదు. తేనీటి గోష్ఠుల్లో పెట్టే మేలిరకం నామగాషిని ఒకటి రెండు రోజుల్లోనే తినేయాలి. చిత్రకళ మిఠాయిలోకి అత్యంత సహజంగా ప్రవేశించింది ఈ తెగలోనే: 1658 నుంచి 1716 వరకు జీవించిన క్యోటో చిత్రకారుడు ఒగాతా కోరిన్ చామంతిని రేకులు లేని గుండ్రని రూపంగా, మధ్యలో ఒక చుక్కతో గీసేవాడు. ఆ రూపాన్నే తెల్ల చిక్కుడు గింజల ముద్దతో చేసి నేటికీ కోరిన్ చామంతి పేరుతో అమ్ముతారు. అయితే దీన్ని ఇంటికి తేవడం కుదరని పని. క్యోటోలోనో టోక్యోలోనో దుకాణంలో కూర్చుని, మాచ్చా తేనీటితో అక్కడికక్కడే తినవలసిన మిఠాయి ఇది.

వేడి సంగతి కూడా నిల్వతో ముడిపడినదే. మే నెలలో విజయవాడకో రామగుండానికో చేరే సామానులో చాక్లెట్ పూత ఉన్నవేవీ పెట్టుకోకపోవడం మంచిది. అజుకి అనే చిన్న గింజల తీపి ముద్దను గట్టిపరిచి చేసే యోకాన్ మాత్రం ఎండకు భయపడదు. దాన్ని గట్టిపరిచేది సముద్రపు నాచు నుంచి తీసే కాన్‌తెన్. మన మార్కెట్లో అగర్ అగర్ పేరుతో దొరికేది అదే. ఒకసారి పేరుకున్న కాన్‌తెన్ మళ్ళీ కరగాలంటే దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి. జెలటిన్‌తో చేసినవి మన శరీరపు వేడికే కరిగిపోతాయి.

గడువు తేదీని చదవడంలో మనవాళ్ళు పొరబడే అవకాశం ఉంది. జపాన్‌లో ముందు సంవత్సరం, తర్వాత నెల, చివర రోజు రాస్తారు. సంవత్సరంలో చివరి రెండంకెలే వేయడం కూడా ఉంది. పెట్టె మీద 26.03.05 అని ఉంటే అది 2026 మార్చి 5. రుచి తగ్గకుండా ఉండే గడువును షోమి కిగెన్ అనీ, ఆ తేదీ దాటితే తినకూడదనే గడువును షోహి కిగెన్ అనీ వేరువేరుగా పేర్కొంటారు. కానుకకు మొదటి రకం గడువు ఉన్నదే కొనాలి.

శాకాహారులకు కొనేటప్పుడు

తెలుగు ఇళ్ళకు తీసుకువెళ్ళే కానుకల్లో అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన విషయం ఇదే. జపాన్ చట్టం ప్రకారం గుడ్డు, పాలు, గోధుమ, బక్‌వీట్, వేరుశనగ, రొయ్య, పీత, అక్రోటు వంటివాటిని అలర్జీ కారకాలుగా పెట్టె మీద తప్పనిసరిగా చూపాలి. అక్రోటును 2023లో ఈ జాబితాలో చేర్చారు. కొనే పెట్టె మీది పట్టికలో గుడ్డు లేదు, రొయ్య లేదు కాబట్టి ఇది శాకాహారమే అనుకోవడం సరికాదు. జపాన్ వంటలో అడుగడుగునా కనిపించే కత్సువో చేప సారం ఆ జాబితాలో లేదు. కోడిమాంసపు సారం కూడా తప్పనిసరి జాబితాలో లేదు. సోయా సాస్ పూసిన బియ్యపు బిళ్ళల మసాలాలో ఈ సారాలు తరచుగా ఉంటాయి. అందువల్ల అలర్జీ పట్టికతో ఆగక, ముడిపదార్థాల జాబితా మొత్తాన్ని ఫోన్ కెమెరా అనువాదంతో చదవాలి. ఆ జాబితాలో పదార్థాలు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా ఉంటాయి. అయితే కలిపి వాడిన మసాలా మొత్తం బరువులో 5 శాతం కంటే తక్కువైతే అందులో ఏమేమి ఉన్నాయో విడదీసి రాయవలసిన అవసరం లేదు. కాబట్టి మాంసాహారం పొరపాటున కూడా తగలకూడదని నియమం పెట్టుకున్న పెద్దలకు కారపు రకాలకు బదులు తీపి రకాలే తీసుకువెళ్ళడం క్షేమం.

తీపిలో మాత్రం వారికి చాలా వెసులుబాటు ఉంది. పాత జపాన్ మిఠాయిలకు పునాది అజుకి గింజలు, బియ్యప్పిండి, చక్కెర, కాన్‌తెన్. వెన్న, నెయ్యి, పాలు వాటిలో దాదాపు కనిపించవు. అజుకి మన మినుములు, పెసలు, అలసందలు చేరిన విగ్నా ప్రజాతికే చెందిన గింజ కావడం వల్ల, దాన్ని ఉడికించి చక్కెరతో దగ్గరగా ఉడకబెట్టిన ముద్దను మొదటిసారి తిన్న మన పెద్దలకు బూరెలలోని పూర్ణం గుర్తుకు రావడం సహజమే. యాలకులు మాత్రం ఉండవు. యోకాన్, పలచని బియ్యపు పెంకుల మధ్య ఆ ముద్దను నింపిన మొనాకా, పిండిని అచ్చుల్లో నొక్కి చేసే రకుగాన్, చక్కెర గుళికలైన కొంపెయితో సాధారణంగా పూర్తి శాకాహారం. రెండు చిన్న కేకు బిళ్ళల మధ్య అజుకి ముద్ద పెట్టిన దోరాయకిలోనూ, స్పాంజి కేకు అయిన కాస్తెరాలోనూ గుడ్డు తప్పదు. లోపల తీపి ముద్ద నింపిన బన్ను లాంటి మంజూ విషయంలో దుకాణానికో పద్ధతి ఉంటుంది కాబట్టి జాబితా చూడక తప్పదు.

యోకానా, రకుగానా, కొంపెయితోనా

నిల్వ, శాకాహారం అనే రెండు గడపలూ దాటి నిలిచేవి ముఖ్యంగా ఈ మూడు. వీటి మధ్య ఎంపిక తినేవారి నాలుకను బట్టి ఉండాలి.

యోకాన్ పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే సంస్థ తొరాయా. 16వ శతాబ్దపు తొలి నాళ్ళలో క్యోటోలో మొదలై, 1586 నుంచి 1611 వరకు రాజ్యం చేసిన గోయోజెయి చక్రవర్తి కాలం నుంచి రాజప్రాసాదానికి మిఠాయిలు సరఫరా చేసిన ఆ ఇల్లు, 1869లో రాజధాని మారినప్పుడు చక్రవర్తితో పాటు టోక్యోకు వచ్చింది. మిఠాయిల రూపాలను రంగుల్లో చిత్రించి పుస్తకాలుగా కట్టి, వాటిని చూపి రాజకుటుంబీకుల నుంచి గిరాకీ తీసుకోవడం ఆ ఇంటి పద్ధతి. 1695 నాటి అలాంటి చిత్రాల పుస్తకం ఇప్పటికీ వారి వద్ద ఉంది. 1710లో కోరిన్ తన పోషకుడైన నకమురా కురానోసుకేకు కానుకగా పంపడానికి మిఠాయిలు కొన్నది ఇక్కడే. నేడు కాగితపు సంచి మీద కనిపించే పులి 1776లో చేయించిన, ముత్యపు చిప్పలు పొదిగిన మిఠాయి పెట్టె నుంచి వచ్చింది. వేరొకరి చిత్రాన్ని తెచ్చి అంటించడానికీ, తన ఇంటి పెట్టె మీది బొమ్మను తానే వాడుకోవడానికీ ఉన్న తేడా ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. వారి యోకాన్‌లలో పేరుపొందిన యోరు నో ఉమే, అంటే రాత్రివేళ ఆల్‌బుఖారా జాతి ఉమే పూలు, ముక్క కోసినప్పుడు నల్లని ముద్దలో తేలే అజుకి గింజల వల్ల ఆ పేరు తెచ్చుకుంది. చీకట్లో తెల్లగా మెరిసే పూలను అవి తలపింపజేస్తాయి. ఇక్కడ చిత్రం పెట్టె మీదకంటే ముందు మిఠాయిలోనే ఉంది. చిన్న కడ్డీలుగా, ఒక్కొక్కటి వేరుగా పొట్లం కట్టి, తయారైన నాటి నుంచి ఏడాది వరకు నిల్వ ఉండేలా వస్తాయి కాబట్టి పంచిపెట్టడానికి ఇంతకంటే అనువైనది లేదు. తీపి గాఢంగా ఉంటుంది. పలచని ముక్కలుగా కోసి టీతో ఇవ్వాలని ఇచ్చేటప్పుడే చెప్పడం మంచిది.

రకుగాన్ తత్త్వం వేరు. బియ్యప్పిండినీ సన్నని చక్కెరనూ స్వల్పంగా తడిపి, చెక్క అచ్చులో నొక్కి, విడదీసి ఆరబెడతారు. నోట్లో వేసుకోగానే పొడిగా విచ్చుకుని కరిగిపోతుంది. షికోకు దీవిలోని కగావా, తొకుషిమా ప్రాంతాల్లో సన్నని చెరకు నుంచి చేతితో పిసికి తీసే వాసన్‌బోన్ చక్కెర వాడిన రకుగాన్ రుచి చాలా మృదువుగా ఉంటుంది. 1625లో కనజావాలో మొదలైన మొరిహాచి వారి చోసేయిదెన్ ఈ తెగలో అగ్రగణ్యం. సిరా కడ్డీ ఆకారంలో ఉండే ఆ బిళ్ళ మీది మూడు అక్షరాల రాత, తేనీటి గురువూ ఉద్యానవన నిర్మాతా అయిన కొబొరి ఎన్షూదని ప్రసిద్ధి. ఇక్కడ కళాభిమానులకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. రకుగాన్ అచ్చులనూ, హొకుసాయి, హిరోషిగే వంటి చిత్రకారుల చిత్రాలను ముద్రించిన పలకలనూ చెక్కింది ప్రధానంగా అడవి చెర్రీ కలపతోనే. గట్టిగా, సమానమైన నారతో, తడికి తొందరగా వంగకుండా ఉండే ఆ కలప రెండు చేతిపనులకూ అక్కరకు వచ్చింది. కాబట్టి ముద్రణ చిత్రం ఉన్న పెట్టెలో రకుగాన్ ఉంటే ఆ జత అర్థవంతమని నా దృఢమైన అభిప్రాయం. ఒక్క లోపం, అవి పెళుసు. సామానులో గట్టి డబ్బాలో పెట్టకపోతే ముక్కలవుతాయి.

కొంపెయితో పిల్లలున్న ఇంటికి. పోర్చుగీసుల ద్వారా జపాన్ చేరిన ఈ చక్కెర గుళికలను 1569లో క్రైస్తవ మతబోధకుడు లూయిస్ ఫ్రోయిస్ గాజు సీసాలో పెట్టి జపాన్ యుద్ధప్రభువు ఓదా నొబునాగాకు కానుకగా ఇచ్చాడు. వంపుగా తిరిగే వేడి మూకుడులో చక్కెర పాకాన్ని కొద్దికొద్దిగా పోస్తూ, చుట్టూ ముళ్ళలాంటి బొడిపెలు వచ్చేవరకు చేసే పని రెండు వారాలకు పైగా పడుతుంది. క్యోటోలో 1847 నుంచి ఉన్న ర్యొకుజుఆన్ షిమిజు దీనికే అంకితమైన దుకాణం. రాజకుటుంబపు వేడుకల్లో అతిథులకు ఇచ్చే చిన్న వెండి పెట్టెల్లో ఉంచేది కూడా కొంపెయితోనే. అంటే ఈ మిఠాయికి మొదటినుంచీ పెట్టె ప్రాణం. రుచి పరంగా మాత్రం ఇది చక్కెరే. మధుమేహం ఉన్న పెద్దలకు దీనినే కాదు, పై రెండింటినీ కూడా కానుకగా ఇవ్వకపోవడం న్యాయం.

కారపు రకాలు, కాస్తెరా

బియ్యంతో చేసే సెంబేయి, అరారేలలో చిత్రకళతో అన్నిటికంటే చక్కగా ముడిపడినవి క్యోటో సమీపంలోని నగావోకాక్యోకు చెందిన ఒగురా సన్సో వారివి. 13వ శతాబ్దంలో కవి ఫుజివారా నో తేయికా వంద మంది కవుల పద్యాలను ఒక్కొక్కటి చొప్పున ఏరికూర్చిన సంకలనానికి క్యోటో శివారు సాగా ప్రాంతపు ఒగురా కొండ పేరే వచ్చింది. ఆ పద్యాల పేక ముక్కల మీది కవుల బొమ్మలను పొట్లాల మీద వేసి అమ్మడంలో కృత్రిమత్వం ఏమీ లేదు. ఆఫీసులో పంచడానికి ఇవి బాగుంటాయి, పైన చెప్పిన పదార్థాల పరీక్ష అయ్యాక.

తక్కువ ఖర్చులో కావాలంటే 1960 నుంచి వస్తున్న కబుకి అగే అనే వేయించిన బియ్యపు బిళ్ళలను సూపర్‌మార్కెట్‌లో కొనవచ్చు. నలుపు, ఆకుపచ్చ, పండు పెర్సిమన్ రంగు పట్టీలు గల, జపాన్ సంప్రదాయ నాటకమైన కబుకి ఆడే శాల తెరను ఆ పొట్లం మీద చూడవచ్చు. లోపలి బిళ్ళల మీద కబుకి వంశాల ముద్రలు కూడా ఉంటాయి, వేయించినప్పుడు పొంగి అవి స్పష్టంగా కనిపించకపోయినా. అలంకారపు పెట్టె లేదన్న లోటు తప్ప, ధరకు తగిన విలువలో దీనికి సాటి తక్కువ. సోయా సాస్‌లో గోధుమ ఉంటుందని గోధుమ పడనివారు గమనించాలి.

కాస్తెరా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1624 నుంచి ఉన్న నాగసాకీ ఫుకుసాయా వంటి ఇళ్ళలో అది అద్భుతంగా ఉంటుంది. గుడ్డు తినేవారికి, వారం పది రోజుల లోపు చేరేటట్లయితేనే కొనాలి. దాని పెట్టె మీద పోర్చుగీసు ఓడలను చూపే పాత తెరచిత్రం ఉంటే అది తగిన బొమ్మ, హొకుసాయి అల ఉంటే కాదు.

ఏ చిత్రం దేనికి తగును

ఈ ప్రాచీన చిత్రాల మీద ఇప్పుడు ఎవరికీ కాపీహక్కు లేదు కాబట్టి ఏ తయారీదారుడైనా వాటిని ముద్రించుకోవచ్చు. నాణ్యత గల పెట్టెనూ, హడావుడిగా తయారైన పెట్టెనూ వేరుచేసే గుర్తులు కొన్ని ఉన్నాయి. పెద్ద అల అసలు కాగితం సుమారు 25 సెంటీమీటర్ల ఎత్తు, 37 సెంటీమీటర్ల వెడల్పు. దాన్ని చదరపు డబ్బా మీదకు ఎక్కించాలంటే పక్కలు కత్తిరించక తప్పదు. అలా కత్తిరించినప్పుడు దూరాన చిన్నదిగా ఉన్న ఫుజి పర్వతమూ, అలల నడుమ మూడు పడవలూ మిగిలాయో లేదో చూడాలి. ఫుజి లేని పెద్ద అలను నేనైతే కొనను; ఆ చిత్రం ఫుజి పర్వత దృశ్యాల వరుసలోనిదే కదా. చిత్రకారుడి పేరు, చిత్రం పేరు పెట్టె అడుగునో లోపలి కాగితం మీదనో ఉంటే అది తయారీదారుడి శ్రద్ధకు నిదర్శనం.

హొకుసాయి చిత్రానికి హక్కు గల మిఠాయి ఏదని అడిగితే, నాగానో సమీపంలోని ఒబుసే ఊరి చెస్ట్‌నట్ మిఠాయి అని చెబుతాను. 80 ఏళ్ళు దాటిన వయసులో హొకుసాయి, తకాయి కోజాన్ అనే స్థానిక వర్తకుడి ఆదరణతో ఆ ఊరికి వచ్చి, ఉత్సవ రథాల పైకప్పులకు డ్రాగన్, ఫీనిక్స్ పక్షి, రెండు అలల చిత్రాలు గీశాడు. గన్‌షోయిన్ ఆలయపు పైకప్పు మీది ఫీనిక్స్ కూడా ఆయనదే. అదే ఊరు చెస్ట్‌నట్ పంటకు పేరుపొందినది, 1808 నుంచి అక్కడ సకురాయి కాన్‌సేయిదో వంటి దుకాణాలు ఆ కాయలతో మిఠాయిలు చేస్తున్నాయి. నాగానో నుంచి స్థానిక రైలులో అరగంట ప్రయాణం. 1976లో తెరిచిన హొకుసాయి ప్రదర్శనశాల చూసి, చెస్ట్‌నట్ యోకాన్ కొనుక్కుని రావడానికి ఒక పూట చాలు.

హిరోషిగే విషయంలో అటువంటి చోటు షిగా ప్రాంతంలోని కుసాత్సు. తోకాయిదో రహదారి మజిలీలను చిత్రించిన ఆయన 1830ల నాటి వరుసలో, కుసాత్సు మజిలీ చిత్రంలో కనిపించే దుకాణం ఉబాగామోచి అమ్మేది. మోచి అనే జిగట బియ్యపు ముద్ద మీద అజుకి ముద్ద కప్పి, పైన తెల్లని చుక్క పెట్టే ఆ మిఠాయి ఇప్పటికీ అక్కడ దొరుకుతుంది. నిల్వ తక్కువ కాబట్టి ఇంటికి తేలేము, దారిలో ఆగి తినాలి.

కప్పలు, కుందేళ్ళు, కోతులు మనుషుల్లా ఆటలాడే చోజూగిగా చిత్రపటాలు క్యోటోలోని కోజాన్‌జి ఆలయానివి, 12, 13వ శతాబ్దాల నాటివి. పిల్లలకు ఇవి చూడగానే నచ్చుతాయి. ఈ బొమ్మలున్న పెట్టెల్లో మాచ్చా తేయాకు కలిపిన మిఠాయి ఉన్నదాన్ని ఎంచుకోమని నా సూచన. జపాన్‌లోకెల్లా పాతదని చెప్పుకునే తేయాకు తోట ఆ ఆలయ ప్రాంగణంలోనే ఉంది. సిరా గీతలతోనే నడిచిన బొమ్మలు కావడం వల్ల చవక ముద్రణలో కూడా అవి చెడవు. బంగారు పూత నేపథ్యంగా గల కోరిన్ ఐరిస్ పూల వంటి చిత్రాల సంగతి వేరు. ఆ బంగారం ముద్రణలో పసుపు మట్టిలా వస్తే అందమంతా పోతుంది. కోరిన్ ఐరిస్ పూలు గీసిన అసలు మడత తెరను టోక్యో నెజు మ్యూజియంలో ఏటా ఏప్రిల్, మే నెలల ప్రాంతంలో ప్రదర్శిస్తారు. అది చూశాక పెట్టె కొనడమా మానడమా అన్నది మీకే తెలుస్తుంది.

ఎవరికి ఏది

శాకాహారులైన అత్తమామలకు, తాతమ్మలకు, మధుమేహం లేకపోతే, చిన్న కడ్డీల యోకాన్. చిత్రకళ మీద మక్కువ ఉన్న మిత్రులకు రకుగాన్, లేదా ఒబుసే చెస్ట్‌నట్ మిఠాయి. పిల్లలకు చోజూగిగా బొమ్మల డబ్బాలో కొంపెయితో. ఇరవై ముప్పై మందికి పంచవలసి వస్తే విడివిడి పొట్లాల్లో ఉన్న బియ్యపు బిళ్ళలు, పెట్టె ఆడంబరం చూడకుండా. పెళ్ళి, గృహప్రవేశం వంటి సందర్భానికి రేకు డబ్బాను ఎంచుకోవాలి. అట్టపెట్టె ప్రయాణంలో మూలలు నలిగి చేరుతుంది. కాగితపు చుట్టు కూడా తక్కువది కాదు. క్యోటోలో సుయెతొమి దుకాణపు నీలి కాగితం మీది పూలు చిత్రకారుడు ఇకేదా యోసోన్ గీసినవి. అటువంటి చుట్టు ఉన్నప్పుడు వేరే అలంకారం అక్కరలేదు.

ఇక కొనే వరుస. ఎండు రకాలను, యోకాన్‌ను ఏ రోజున కొన్నా నష్టం లేదు కాబట్టి ఊళ్ళు తిరిగేటప్పుడే తీసుకోవాలి. కాస్తెరాను, మొనాకాను తిరుగు ప్రయాణానికి ముందు రోజు డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగలో కొనాలి. వేసవిలో వచ్చే మిజు యోకాన్, పండ్ల జెల్లీలు నీరు ఎక్కువగా ఉన్నవి. అంతర్జాతీయ విమానాల్లో చేతి సంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాలకూ జెల్లీలకూ అనుమతి ఉండదు కాబట్టి, వాటిని భద్రతా తనిఖీకి ముందే పెద్ద సామానులో వేసేయాలి.